మొహమాట మాపకం

కాకినాడ తీరానికి అవతల, సముద్రం మీద తేలే సాగరిక పట్టణంలో ఆ ఉదయం కూడా నేల కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంది. అలల నుంచి కరెంటు తీసుకుని బతికే జనం ఆ ఊగుడుకు ఎప్పుడో అలవాటుపడ్డారు. డెబ్బై మూడేళ్ల తన్మయి మాత్రం పడలేదు. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. తనను ఈ గదిలోనే ఉండనివ్వాలా, స్మృతి విభాగానికి పంపాలా అన్నది ఆ సాయంత్రం నివాస సంఘంవారు తేల్చబోతున్నారు. స్మృతి విభాగమంటే మతిమరుపు ముదిరినవారిని ఉంచే చోటు. అక్కడి తలుపులకు గడియ బయటివైపే ఉంటుంది.

ఇంతకూ ఆవిడ చేసిన నేరమేమిటయ్యా అంటే, పక్కగది ఆద్విక్ గారి భార్య పోయినప్పుడు పరామర్శకు వెళ్లడం. వెళ్లిన మనిషి అందరిలా కళ్లొత్తుకుంటూ కూర్చోక, శవాన్ని పెట్టిన ఫ్రీజర్ బాక్సు పలక విప్పి లోపల గరగరమంటున్న కంప్రెసర్ బిగించింది. ఉద్యోగమంతా శీతల యంత్రాల ఇంజినీరుగా చేసింది మరి. ఆ గరగర చెవులు కోసేస్తుంటే ఏడుపు ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా ఎవరైనా భోంచేశారా అని పలకరిస్తే, నిన్న కూడా ఇదే అడిగారు అనేది. ఇవన్నీ కలిపి, పాపం పెద్దావిడకు మతి తప్పుతోందని సంఘం అనుకుంటోంది.

సాగరిక డాక్టర్ ప్రద్యుమ్న మాత్రం ఇది నలుగురితో కలవడం పుట్టుకతోనే కష్టమయ్యే ఆటిజమేమోనని అనుమానించాడు. తన్మయి పుట్టిన రోజుల్లో ఆటిజాన్ని చిన్నపిల్లల్లోనే, అందులోనూ మగపిల్లల్లోనే ఎక్కువగా వెతికేవారు. బాగా చదువుతూ ఎవరి జోలికీ పోని ఆడపిల్లను బుద్ధిమంతురాలని మెచ్చుకుని వదిలేసేవారు. అలాంటివారు నలుగురినీ చూసి నవ్వడం, తలూపడం, కళ్లలోకి చూడటం కష్టపడి నేర్చుకున్నారు. ఆ కష్టం ఎవరి కంటా పడకుండానే ముసలివారైపోయారు. ఒంట్లో ఓపిక తగ్గాక ఆ నేర్చుకున్నది జారిపోతుంది. చూసేవాళ్లు దాన్ని మతిమరుపు అనుకుంటారు.

ఆ కష్టాన్ని కొలవడానికే అతను మణికట్టు పట్టీ ఒకటి కనిపెట్టాడు. దానికి అతను పెట్టిన పేరు మాస్కింగ్ లోడ్ సెన్సర్. జనం మొహమాట మాపకం అన్నారు, ఆ పేరే నిలిచింది. ఎదుటివాళ్లకు నచ్చేలా ఉండటానికి మెదడు పడే శ్రమను నాడి నుంచి, చర్మపు తేమ నుంచి, గొంతులోని బిగువు నుంచి లెక్కగట్టి రంగుగా చూపిస్తుంది. హాయిగా ఉంటే నీలం, తంటాలు పడుతుంటే ఎరుపు.

ఆ సాయంత్రం సంఘం సభలో పోలిక కోసం అందరికీ పట్టీలు కట్టాడు. బావున్నారా అని ఆద్విక్ గారు ఒక్క మాట అన్నారో లేదో, తన్మయి పట్టీ నిప్పుకణికలా ఎర్రబడింది. మిగతావారివి కాస్త గులాబీ రంగుకు తిరిగి ఆగాయి. ఇక ఎవరి కోసమూ నవ్వక్కర్లేదని ప్రద్యుమ్న చెప్పాక ఆవిడ కళ్లు మూసుకుని వేళ్లు రాసుకుంటూ కూర్చుంది. కాసేపటికి పట్టీ నీలమైంది. తర్వాత అందరికీ పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షలో సభ మొత్తానికీ ఆవిడే ముందుంది.

"ఇది మతిమరుపు కాదండి, ఆవిడ తీరే అంత," అన్నాడు ప్రద్యుమ్న. "ఇన్నేళ్లూ మనకు నచ్చేలా ఉండి ఉండి అలిసిపోయారు."

తన్మయికి అప్పుడొచ్చింది ఏడుపు. ఏం తప్పు చేసిందో తెలియకుండానే జీవితమంతా క్షమించమని అడిగిన మనిషి ఆవిడ.

గది ఆవిడదే అయింది. ఎవరూ నొచ్చుకోకుండా తలుపు మీద ఒక పలక కూడా పెట్టారు, ఈ గదిలో మొహమాటం అక్కర్లేదని.

మర్నాడు ఆద్విక్ గారు వచ్చారు. నవ్వూ పలకరింపూ లేకుండా గోడవైపు తిరిగి కూర్చున్నారు.

"మా ఆవిడ పోయిన్నాడు అందరూ చూస్తున్నారని ఏడిచానండి. మీరు ఆ చప్పుడు ఆపేసినప్పుడే కాస్త ఊపిరాడింది," అన్నారు. సభనాడు కట్టిన పట్టీ ఇంకా ఆయన చేతికే ఉంది, నీలంగా. తన్మయికి ఆయన మీద జాలేసింది, ఉండనిచ్చింది.

అదే ఆవిడ కొంప ముంచింది. నీలం కోసం వారం తిరక్కుండా సాగరిక సాగరికంతా తలో పట్టీతో ఆ గదికి కట్టకట్టుకుని వచ్చింది. మంచం మీద కూర్చునేవారు, కిటికీ దగ్గర మూలిగేవారు, కోడళ్ల మీద ఉన్న కోపమంతా కక్కేవారు. వెళ్లిపొమ్మని ముఖానే చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఎంత నిక్కచ్చిగా అన్నారో అని మురిసిపోయి మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చారు. ఎవరో ముసలాయన వెక్కివెక్కి ఏడిస్తే ఆవిడ మళ్లీ తల ఊపింది, మళ్లీ నవ్వింది. అందరూ ఎవరి పట్టీ వారు చూసుకుంటున్నారు, ఆవిడది చూసినవాడు లేడు.

ఆఖరికి ప్రద్యుమ్నకు కబురుపెట్టింది. అతను వచ్చి అందరినీ బయటికి పంపి తలుపు వేశాడు.

"నన్ను స్మృతి విభాగానికి పంపించేయండి బాబూ," అంది తన్మయి. "అక్కడున్నవాళ్లను చూడటానికి ఎవరూ రారట కదా."

ప్రద్యుమ్న మంచం అంచున కూర్చున్నాడు. పొద్దుటి నుంచి రోగులకు, అధికారులకు, విలేకరులకు నవ్వి నవ్వి దవడలు పీకుతున్నాయి. అలవాటుగా తన మణికట్టు చూసుకున్నాడు. తలుపు వేసినప్పటి నుంచీ అది నీలంగా ఉంది.

"ఆ సంగతి మాట్లాడదాం. ఒక్క ఐదు నిమిషాలండి," అంటూ బూట్లు విప్పి ఆవిడ మంచం మీద వాలాడు.

తన్మయి ఎర్రగా వెలుగుతున్న తన చేతిని అతని ముఖం ముందుకు చాచింది. అప్పటికే అతను కళ్లు మూసుకున్నాడు.