మీరెవరండీ?

తెల్లారింది. పొయ్యి మీద టీ మరుగుతోంది, దర్జీగారి కుట్టుమిషను టకటకలాడుతోంది. ఆయన కూతురు మాత్రం అద్దం ముందు నిలబడి గుటకలు మింగుతోంది. ఆ పిల్లని ఇంటిల్లిపాదీ పిచ్చుక అంటారు. నోటికి తాళం లేని పిల్ల కదా మరి! అలాంటిది ఆ పొద్దున పెదవి విప్పితే ఒట్టు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అప్రెంటిస్ పనికి ఇవాళే ఇంటర్వ్యూ. ఇదివరకోసారి వెళ్లి, అక్కడి పెద్దాయన ఏదో అడగ్గానే నోట మాట రాక ఏడుస్తూ తిరిగొచ్చింది. మళ్లీ పిలవడమే గొప్ప. ఇదీ పోతే ఇక పిలిచే నాథుడు లేడు.

"ఇలా కూర్చోవే. నేనే ఆఫీసర్ని," అంది తల్లి, చేతిలో గరిటెతోనే. "ఊఁ, లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావు?"

"ముందు కరెంటు కట్టేస్తాను. లోపలున్నవాళ్లని కంగారు పడొద్దని కేకేస్తాను. తలుపులు ఎవర్నీ లాగనివ్వను," గడగడా చెప్పేసింది పిచ్చుక.

"గరిటె పట్టిన ఆఫీసరంటే దీనికి లెక్కే లేదు," అని తల్లి నవ్వింది. "ఏవండీ, మీరూ ఓ ముక్క అడగండి. మగ గొంతు కూడా అలవాటవుతుంది."

దర్జీ మిషను ఆపి, కళ్లజోడు సర్దుకుని, నిజం ఆఫీసరులాగే గొంతు సవరించుకున్నాడు.

"మీరెవరండీ? మీ గురించి చెప్పండి."

అంతే. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెప్పవేం?"

"నాన్నా, నన్ను 'మీరు' అనకు."

"అక్కడ అలాగే అంటారమ్మా. అది మర్యాద."

"నువ్వు నన్నంటే అది మర్యాద కాదు!" అని గొంతు చించుకుని అరిచింది.

నిజమే. ఆయన ఏనాడూ కూతురి మీద చెయ్యెత్తలేదు, కేకలెయ్యలేదు. కోపమొస్తే మాత్రం కన్నబిడ్డని పరాయిదాన్ని చేసేవాడు. బడి ఎగ్గొట్టినా, గ్లాసు పగలగొట్టినా, "మీరెవరండీ? ఈ ఇంట్లో మీకేం పని?" అనేవాడు. మళ్లీ 'నువ్వు' అనేదాకా ఆ పసిది గడప దగ్గర కూర్చుని, బయటికి పంపేస్తారేమోనని బిక్కుబిక్కుమంటూ ఉండేది.

"ఆ రోజు కంపెనీ పెద్దాయనా ఇదే అడిగాడు. నన్ను గెంటేస్తున్నట్టే అనిపించింది నాన్నా."

"సరదాకన్న మాట పట్టుకుని ఇంత రాద్ధాంతమా?"

"సరదానా? అయితే కూర్చోండి ఇక్కడ," అని కుర్చీ చూపించింది. పుట్టి బుద్ధెరిగాక తండ్రిని ఆ పిల్ల 'మీరు' అనడం అదే మొదలు. "మీరెవరండీ? ఈ ఇంట్లో మీకేం పని?"

దర్జీ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కూతురి చూపు నిజంగానే ఎవరో ముక్కూ మొహం తెలియనివాణ్ణి చూసినట్టుంది.

"నేను... దర్జీని."

"అది అడగలేదండీ."

"మీ నాన్నని కదే, పిచ్చుకా..." అంటూ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఇంత భయం వేస్తుందా తల్లీ! ఇన్నాళ్లూ పసిదానివని చూడకుండా..."

తల్లి పొయ్యి కట్టేసి, ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుంది.

ఆయన కూతురి చల్లటి చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. "ఇంకెప్పుడూ ఆ మాటతో నిన్ను బయట పెట్టను. కానీ అక్కడ ఆ మాటే వినాలి కదా. ఇప్పుడు ప్రేమగా అంటాను, విను. మీరు టీ తాగారాండీ?"

పిచ్చుక ఉలిక్కిపడింది. "లేదండీ," అంది సన్నగా.

"మీ జడ వంకరగా ఉందండీ. మీ అమ్మగారు గరిటెతో వేశారా?"

ఏడుస్తూనే కిసుక్కుమంది పిల్ల.

కంపెనీ గేటు దగ్గరికొచ్చేసరికి భయం మళ్లీ గుండెలోకి వచ్చి కూర్చుంది. వెంట వచ్చిన తండ్రిని కాపలావాడు అక్కడే ఆపేశాడు. నాలుగడుగులు వేసి ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

"నాన్నా, ఇంకొక్కసారి."

కాపలావాడు వింతగా చూస్తున్నా దర్జీ చేతులు కట్టుకుని, తలవంచి, ఎంతో నెమ్మదిగా అడిగాడు. "మీరెవరండీ?"

"దర్జీగారమ్మాయినండీ. లిఫ్టులు బాగుచెయ్యడం నేర్చుకుందామని వచ్చానండీ."

గొంతు వణికింది. అయినా చివరిదాకా చెప్పింది.