ఎర్రమ్మ చేతి తాంబూలం

శారద ఏటి గట్టు తెగి చెరకు తోటల మీద నీళ్లు నిలబడిన వరద తరవాత రెండో ఏడు జరిగిందిది. తొంభైల్లో చోడవరంలో ఏది జరిగినా ఆ వరదతోనే లెక్క. వరదకు ముందు చేసిన పెళ్లి, వరద తరవాత పుట్టిన పిల్ల. ప్రైవేటు డిటెక్టివ్ పెదబాబు అక్క నరసమ్మ ఆ వరదలోనే కొట్టుకుపోయింది. మనిషి దొరకలేదు. పెదబాబు ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తడు.

ఆయన ఆఫీసు బస్టాండు వెనక, ఎస్టీడీ బూత్ పక్క గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బెంచీ. బెంచీ దాసుది. దాసు ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి మానేసిన మనిషి. ఇప్పుడు పెదబాబుకు అసిస్టెంటు. ముప్పై ఏళ్లలో తను చూసిన డాక్టర్లెవరికీ పెదబాబు చూపు లేదని అతను అందరికీ చెబుతాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఎర్రమ్మ వచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"కూచో ఎర్రమ్మా."

"కూకోను బాబూ. నాను మందెట్టేనంట. బజారంతా అదే అంటన్నారు."

"ఎవరికి?"

"మలేషియా నించొచ్చిన రూపాదేవమ్మకి. తాంబూలంలో సింధూరం కలిపేనంట. తెల్లారేసరికి ఆ యమ్మ గొంతు పోయింది."

దాసు బెంచీ మీంచి లేచాడు. పాడేవాళ్లకు సింధూరమంటే ఎంత భయమో అతనికి తెలుసు. ఒకరంటే ఒకరికి పడనివాళ్లు ఆకుల్లో పెట్టి ఇస్తారని, గొంతు మళ్లీ లేవదని నాటకాలవాళ్లు చెప్పుకుంటారు. ఎర్రమ్మ కూడా ఒకప్పుడు నాటకాల్లో పాడినదే. ముప్పయ్యో ఏట గొంతు జీరపోయింది. అప్పుడూ ఇదే మాటన్నారు. ఆ తరవాత ఆమె గరిట పట్టింది. చుట్టుపక్కల మండలాల్లో పెద్ద వంటంటే ఎర్రమ్మే.

"గొంతు పోయినదానికి గొంతెలా పోగొట్టాలో తెలుస్తాదంట," అంది ఎర్రమ్మ. "గోయిందరావు బాబు నన్ను పొయ్యి కాణ్నించి లేపేసేరు. ఆదివారం తెల్లారి ఆ మలేషియావోల్లు ఎల్లిపోతారు. ఆళ్లెల్లిపోయేక నాను కలపలేదని ఎవురు సెప్తారు? నా సేతి కూడు ఇంక ఎవురు తింటారు?"

ఎనభై ఏళ్ల కిందట ఈ పక్క ఊళ్ల జనం ఓడలెక్కి మలేషియా రబ్బరు తోటల్లో పనికి పోయారు. రూపాదేవి పాడేది వాళ్ల పిల్లలూ మనవలూ కలిసి కట్టిన గానబృందంలో. పెద్దలు మోసుకెళ్లిన పాటల్ని పెద్దల ఊళ్లలో పాడాలని వచ్చారు. ఇరవై రోజులయింది. శనివారం సాయంత్రం చోడవరంలో ఆఖరి కచేరీ. బస బెల్లం వ్యాపారి గోవిందరావు ఇంట్లో.

"తాంబూలం ఎప్పుడిచ్చావు?" అన్నాడు పెదబాబు.

"నిన్న సందేళ. పెరట్లో ఒక్కర్తీ కూకుని పాట సాధన సేస్తంది. నాను పసుపు దంచుతన్నాను. ఊరికొచ్చిన ఆడకూతురు గదా అని లేచి, రెండు ఆకు సిలకలు సుట్టి పళ్లెంలో పట్టుకెల్లేను. పాట ఇని, 'ఎవురి కోసమమ్మా' అనడిగేను. అంతే బాబూ. ఆ యమ్మ మొకం తెల్లబోయింది. ఆకులు పట్టుకుని లేచిపోయింది."

పెదబాబు చొక్కా గుండీ పెట్టుకుని లేచాడు.

"మీకియ్యడానికి నా కాడ ఏటీ లేదు," అంది ఎర్రమ్మ.

"పని అయ్యాక అడుగుతాను. ఇంటికెళ్లి అన్నం తిను."

*

గోవిందరావు వీధి అరుగు మీదే ఎదురయ్యాడు. మంచివాడే. కానీ భయపడిపోయి ఉన్నాడు.

"సాక్ష్యం బుట్ట కింద పెట్టించేను బాబూ. చీమని కూడా ముట్టుకోనివ్వలేదు."

బుట్ట కింద ఇత్తడి పళ్లెం. పళ్లెం అంచున సున్నం మరక, దాని పక్కనే ఎర్రటి మరక, బొటనవేలంత. పెదబాబు నిమ్మచెక్క అడిగి తెప్పించుకున్నాడు. గోవిందరావు కాఫీకి కేకేస్తుండగా, మరక మీద రెండు చుక్కలు పిండి వేలితో రుద్దాడు. ఎరుపు పోయి పసుపు రంగు తేలింది. దాసు వంగి చూసి తలూపాడు. పెదబాబు మళ్లీ బుట్ట బోర్లించాడు.

బృందానికి పెద్ద శ్యాంప్రసాద్. అరవై ఐదేళ్లుంటాయి. మలేషియాలో పుట్టాడు. కానీ అతని తెలుగు చోడవరం బజారు తెలుగు కన్నా పాతది.

"మాయమ్మది కె.కోటపాడు. పేరు దేముడమ్మ," అన్నాడు. "ఆవిడ కాడ నేర్సుకున్న మాటలే నావి. సివరి కచేరీ ఈ పక్కనే సెయ్యాలని పట్టుబట్టేను. ఇలాగయింది."

"కచేరీ ఆగిపోయినట్టేనా?"

"ఆగదు. కీర్తి పాడతాది. సివరి పాట ఒక్కటే ఉండదు. అది మాయమ్మ పాట. నా మేనకోడలు రూప తప్ప మరెవురూ పాడలేరు."

"ఏం పాట?"

"పెళ్లికూతుర్ని సాగనంపే పాట." ముసలాయన చేత్తో తాళం వేస్తూ మాటలు చెప్పాడు. "పసుపు పూసేరు, కొత్త కోక కట్టేరు, పూలు సల్లి మోసేరు, ఏరు దాటించేరు, మల్లెప్పుడొస్తావో సెప్పి పో. మా దేశంలో తెలుగోల్ల పెళ్లంటే ఈ పాట ఉండాలి. నేనే నలభై పెళ్లిల్లలో పాడించేను."

కీర్తి బృందంలో రెండో గాయని, ఇరవై ఏళ్ల పిల్ల. టేప్ రికార్డరు ఒళ్లో పెట్టుకుని కూచుంది.

"మీ రూపక్క గొంతు పోతే పాటలన్నీ నీకే వస్తాయి కదా?" అన్నాడు పెదబాబు.

"వస్తాయి సార్. అందుకే పొద్దున్నించి భయంతో ఈ టేపులే వింటన్నాను. మీరు పాడతారా, ఇచ్చేస్తాను."

దాసు నవ్వాడు. పెదబాబు నవ్వలేదు గాని టేప్ వెయ్యమన్నాడు. మంగళవారం దేవరాపల్లిలో చేసిన కచేరీ అది. ఒక్కో పాట తరవాత చప్పట్లు, ఈలలు. చివరి పాట చకచకా, హుషారుగా సాగింది. మధ్యలో ఒకచోట మాటలు ఆగి మూలుగులాంటి రాగం వచ్చింది.

"ఇక్కడ మాటలు లేవా?"

"లేవు సార్. దేముడమ్మ గారు అలాగే ముక్కుతో పాడేవారంట. మేమూ అలాగే పాడతాం."

పాట అయిపోయింది. చప్పట్లు లేవు. గాజుల చప్పుడు, ఎవరో ముక్కు చీదిన చప్పుడు.

"ఆడవాళ్లందరూ ఏడ్చేరు సార్," అంది కీర్తి. "అంత నచ్చింది."

రూపాదేవి లోపలి గదిలో ఉంది. ముప్పై ఏళ్ల మనిషి. మెడకు మఫ్లరు. పెదబాబు ఎదురుగా కూచున్నాడు.

"నొప్పిగా ఉందా?"

ఆమె తలూపింది.

"ఎర్రమ్మ ఇచ్చిన తాంబూలం వేసుకున్నారా?"

ఒక్కసారి కిటికీ వైపు చూసి, మళ్లీ తలూపింది.

అప్పుడే వంటింట్లో కొత్త వంటమనిషి ఎండుమిరపకాయలు వేయించింది. ఘాటు ఇల్లంతా కమ్మేసింది. దాసు తుమ్మాడు. గోవిందరావు గుమ్మం పట్టుకుని దగ్గాడు. రూపాదేవి మఫ్లరు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. రెండు దగ్గులు వచ్చాయి. ఇత్తడి బిందెకు గరిట తగిలినట్టు ఖంగుమన్నాయి. దాసు తల ఎత్తి చూశాడు.

"విశ్రాంతి తీసుకోండమ్మా," అని పెదబాబు లేచాడు.

ఆ గది కిటికీ పెరట్లోకి ఉంది. కిటికీ కింద బంతి మొక్కలు. పెదబాబు మొక్కల మధ్య వెతికి, రెండు తాంబూలం చిలకలు తీసి రుమాల్లో చుట్టాడు. వాడిపోయాయి గాని మడత విడలేదు.

"సార్, ఆ దగ్గు..." అన్నాడు దాసు.

"సాయంత్రం దాకా దాచుకో."

*

దీపాల వేళకు గోవిందరావు హాల్లో అందరూ చేరారు. ఎర్రమ్మను పెదబాబే పిలిపించాడు. ఆమె గుమ్మం అవతల నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

పెదబాబు బుట్ట ఎత్తాడు.

"ఈ మరకని సింధూరమన్నారు. సింధూరానికి నిమ్మరసం పిండినా రంగు తిరగదు. పొద్దున నేను పిండితే ఇది పసుపయింది. పసుపు దంచుతున్న మనిషి ఆ చేత్తోనే సున్నం పెట్టి ఆకు చుట్టింది. పసుపూ సున్నం కలిస్తే ఏ రంగో ఇక్కడ పారాణి పెట్టుకున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. భయంలో ఎవరికీ గుర్తుకు రాలేదు."

గోవిందరావు ఏదో అనబోయాడు. పెదబాబు రుమాలు విప్పాడు.

"ఇవి ఎర్రమ్మ ఇచ్చిన చిలకలు. కిటికీ కింద దొరికాయి. మడత విడలేదు. తినని తాంబూలం గొంతుని ఏం చేస్తుంది? దాసూ, ఇప్పుడు చెప్పు."

దాసు గొంతు సవరించుకున్నాడు. "గొంతు వాచి మాట పోతే దగ్గు కూడా జీరగానే వస్తాదండి. పొద్దున మిరపకాయల ఘాటుకి ఈయమ్మ దగ్గేరు. అంత సాఫైన దగ్గు నా సర్వీసులో వినలేదు."

అందరూ రూపాదేవి వైపు తిరిగారు. ఆమె నేలకేసి చూస్తోంది.

"గొంతు పోలేదు. పోయినట్టు చూపించారు," అన్నాడు పెదబాబు. "ఎందుకని ఆలోచించాను. కచేరీ ఆపడానికా? కచేరీ ఆగలేదు. ఆగింది ఒక్క పాట. అంటే ఆ ఒక్క పాట ఇక్కడ పాడకుండా ఉండాలి. ఇది నిన్న సాయంత్రం దాకా లేని ఆలోచన. నిన్న సాయంత్రం ఎర్రమ్మ ఒక్క ప్రశ్న అడిగింది." ఆయన శ్యాంప్రసాద్ వైపు చూశాడు. తరవాత రూపాదేవి వైపు చూశాడు. "మిగిలింది మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

రూపాదేవి మఫ్లరు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"జలుబని సెప్పి రెండు రోజులు గడుపుదామనుకున్నాను," అంది. గొంతు స్పష్టంగా ఉంది. "ఈలోగా పళ్లెం సూసి సింధూరమన్నారు. నోరు తెరిస్తే మావయ్యకి తెలిసిపోద్ది. మూసుకుంటే ఎర్రమ్మ పరువు పోతాది. మూసుకున్నాను. తప్పు నాదే."

"నాకేటి తెలిసిపోద్ది?" అన్నాడు శ్యాంప్రసాద్.

ఆమె ఎర్రమ్మ వైపు చూసింది.

"ఎర్రమ్మా, లోపలికి రా," అన్నాడు పెదబాబు. "దేవరాపల్లి టేపులో ప్రతి పాటకీ చప్పట్లున్నాయి, ఆ పాటకి లేవు. పెళ్లి పాటకి అలా ఏడవరు. ఎవరి కోసమని ఎందుకడిగావు?"

ఎర్రమ్మ లోపలికి వచ్చి ముసలాయన ఎదురుగా కింద కూచుంది.

"అది సాగనంపే పాటే బాబూ. సాగనంపేది పెళ్లికూతుర్ని కాదు. మా పక్క ఎవురైనా పైదేశంలోనో, నీటిలోనో పోయి, మనిషి ఇంటికి రాకపోతే, ఆడోల్లం కూకుని మెల్లగా పాడతాం. పసుపు పూసినట్టు, కోక కట్టినట్టు, మోసినట్టు పాటలోనే సేస్తాం. మీరు మూలిగే కాడ పోయినోల్ల పేరుంటాది. అందుకే ఎవురి కోసమని అడిగేను."

"దేవరాపల్లిలో ఆడోల్లు ఎందుకేడ్చేరో ఆ మాటతో తెలిసింది," అంది రూపాదేవి. శ్యాంప్రసాద్ కళ్లజోడు తీసి తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"మాయమ్మ ఆ పాట గోడేపు తిరిగి పాడేది," అన్నాడు. "సిగ్గనుకున్నాను. ఆవిడ అక్క ఓడలో పోయిందంట. సముద్రంలోకి ఒగ్గేసేరంట. పేరేటమ్మా అంటే ఎప్పుడూ సెప్పలేదు." కళ్లజోడు ఒళ్లో పెట్టుకున్నాడు. "నా పెళ్లిలో కూడా పాడించేను."

"ఆ పెళ్లి బాగానే ఉందా బాబూ?" అంది ఎర్రమ్మ.

"నలభై ఏళ్లయింది. బాగానే ఉంది."

"అయితే పాటకి కోపం లేదులెండి."

ముందు కీర్తి నవ్వింది. తరవాత ముసలాయనా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూనే. రూపాదేవి వచ్చి ఎర్రమ్మ పక్కన కూచుని చెయ్యి పట్టుకుంది.

"నన్ను తిట్టు."

"తిడితే నీ నోరు మల్లీ మూసుకుంటాది. రేపు జనంలో తెరువు. అది సాలు."

గోవిందరావు వంటింటి వైపు, ఎర్రమ్మ వైపు మార్చి మార్చి చూశాడు. "ఎర్రమ్మా," అన్నాడు చివరికి, "ఓ గ్లాసుడు కాఫీ కాసియ్యి. ముందు నేనే తాగుతాను." అరుగు మీద కూచుని, బజారంతా చూసేలా తాగాడు.

*

శనివారం కచేరీకి బుచ్చయ్యపేట, కె.కోటపాడు జనం కూడా వచ్చారు. చివరి పాటకు ముందు రూపాదేవి మైకు దగ్గరకు వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎర్రమ్మ చేతి తాంబూలం అందరి ముందూ తీసుకుని నోట్లో వేసుకుంది. అప్పుడు పాట మొదలుపెట్టారు. ఈసారి మెల్లగా. ఎర్రమ్మ పక్కనే కూచుని జీర గొంతుతో దారి చూపింది. మూలుగు వచ్చే చోట శ్యాంప్రసాద్ పైదేశంలో పోయిన తన తల్లి పేరు, "దేముడమ్మ" అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎందుకో ఈసారి బృందంలో అందరికీ తెలుసు.

ఆదివారం తెల్లారి వ్యాను విశాఖపట్నం బయలుదేరింది. దాసు వెళ్లి చెయ్యి ఊపాడు. శ్యాంప్రసాద్ కిటికీలోంచి పెదబాబు కోసం వెతికాడు. పెదబాబు రాలేదు.

ఆ వేళకు ఆయన ఎర్రమ్మ ఇంటి గుమ్మంలో ఉన్నాడు.

"ఫీజు అడగడానికొచ్చాను," అన్నాడు.

"ఏటియ్యమంటారు బాబూ?"

పెదబాబు గుమ్మానికి చెయ్యి ఆనించాడు.

"నరసమ్మ," అన్నాడు. "మా అక్క."

ఎర్రమ్మ పొయ్యి మీది గిన్నె దించింది. చేతులు కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుని కూచుంది. పెదబాబు చెప్పులు విప్పి, ఎదురుగా నేల మీద కూచున్నాడు.