బావగారి కుర్చీ

క్రేను నడపడంలో నాకు సాటి వచ్చేవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడికి లైసెన్సు రాదు. నలభై రెండేళ్ళు లివరు పట్టిన చెయ్యి ఇది. వంతెనల దూలాలు ఎత్తాను, ఓడల ఇంజన్లు ఎత్తాను. ఒకసారి పందెం కాసి, కొక్కేనికి చెంచా కట్టి, కింద కప్పులో ఉన్న టీలో చుక్క ఒలక్కుండా చక్కెర కలిపాను. తాగినవాడు తీపి చాల్లేదన్నాడు. అది చక్కెర వేసినవాడి తప్పు, నాది కాదు.

నేను చెప్పేవాటిలో జనం సగం కొట్టేసి వింటారని నాకు తెలుసు. కొట్టేసుకోండి, బాధ లేదు. కానీ ఇప్పుడు రాయబోయేదాంట్లో మాత్రం కొట్టేయడానికి నేనేమీ కలపలేదు. కలపడానికి ధైర్యం చాల్లేదు.

ఉద్యోగంలో చివరి మూడేళ్ళు నేను భోజనాల బల్ల ఎత్తాను. నవ్వకండి. నది ఒడ్డున కంకర పరిచిన మైదానం. అక్కడొక పెద్ద బల్ల, చుట్టూ పన్నెండు కుర్చీలు, మధ్యలో వంటమనిషి నిలబడే గుంట, పైన రేకు కప్పు. ఊరు చూడవచ్చినవాళ్ళని ఆ కుర్చీల్లో కూర్చోబెట్టి, భుజాలకీ నడుముకీ బెల్టులు బిగించి, కుర్చీలతో, గుంటతో సహా మొత్తం బల్లని నాలుగు ఇనుప తాళ్ళతో నా కొక్కేనికి తగిలిస్తారు. నేను ఎత్తుతాను. పదహారు అంతస్తుల ఎత్తు. బయట ఇరవై అని చెబుతుంటాను గానీ పదహారే. కాళ్ళ కింద ఏమీ ఉండదు. నగరం దీపాలు వెలిగించుకుంటుంటే వాళ్ళు పైన గంటసేపు తింటారు.

ఆ గుంటలో నిలబడి వండి వడ్డించేది మా అమ్మాయి. నాకు ఒక్కతే కూతురు. దానికి ఆరేళ్ళ పాప. సాయంత్రాలు ఆ పిల్ల ఇంట్లో మా ఆవిడ దగ్గర ఉండేది.

బెల్టులు బిగించేవాణ్ణి అందరూ గొళ్ళెం అనేవాళ్ళు. వాడు బిగించాడంటే వాడే విప్పాలి. నన్ను మామా అని పిలిచేవాడు, వరసేం లేకపోయినా.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కుర్చీ ఖాళీగా ఉంటే బల్ల ఒక పక్కకి ఒరుగుతుంది. అందుకని, మనిషి రాని కుర్చీలో డెబ్భై కిలోల ఇసుక బస్తా పెట్టి, మనిషికి బిగించినట్టే బెల్టు బిగిస్తాం. ఆ బస్తాకి మేం పెట్టుకున్న పేరు బావగారు. అలగడు, వంకలు పెట్టడు, వెళ్ళేటప్పుడు మూటలు కట్టించుకోడు. లోకంలో ఇలాంటి బావగారు ఈ ఒక్కడే అని నవ్వుకునేవాళ్ళం. బల్ల అందం చెడకుండా మా అమ్మాయి ఆయన ముందు కూడా ఒక పళ్ళెం పెట్టేది. ఖాళీ పళ్ళెం.

ఆ సాయంత్రం పదకొండుమందే వచ్చారు. పన్నెండో ఆయన ఎవరో నాలుగు నెలల ముందే కుర్చీ రాయించుకున్నాడు, ఒక్కడికే. గొళ్ళెం రెండుసార్లు ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. సరే, బావగారిని తెచ్చి కూర్చోబెట్టాం.

అతిథుల పేర్లు రాసిన అట్టముక్కలు ఉంటాయి. మిగిలిపోయిన ఆ ఒక్క అట్టముక్కని గొళ్ళెం బస్తా మెడకి వేలాడదీశాడు.

"మామా, ఇవాళ బావగారికి పేరు కూడా వచ్చింది!"

"పేరొస్తే ఆకలి కూడా వస్తుందిరా" అన్నాన్నేను.

ఆ మాట నేనే అన్నాను. గుర్తుంచుకోండి.

బల్ల లేచేటప్పుడు మైకులో అతిథులని పేరుపేరునా పలకరించడం నా అలవాటు. బల్ల కప్పు కింద స్పీకరు ఉంటుంది. ఎవరూ చెయ్యమనలేదు, నా గొంతు నాకు ఇష్టం కాబట్టి చేసేవాణ్ణి. ఆ రోజు పదకొండుమందిని పిలిచాక, నవ్వు ఆపుకోలేక, పన్నెండో పేరు కూడా చదివాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి పిలిచింది చాలు.

"దయచేయండి బావగారూ! మా అమ్మాయి వండింది, కడుపునిండా తినండి. మీరు చాలు అనేలోపు ఈ బల్ల దించితే నా మీసం గొరిగించుకుంటాను!"

పైన అందరూ చప్పట్లు కొట్టారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా ఆవిడ పెళ్ళయిన నాటి నుంచీ చెబుతూనే ఉంది.

బల్ల పైకి చేరేసరికి నది మీంచి మంచు లేచింది. చలికాలంలో మామూలే. తడి బట్ట వాసనతో నెమ్మదిగా పైకి పాకి, బల్లని మింగేసింది. కేబిన్లోంచి నాకు తాళ్ళు మాత్రం కనబడుతున్నాయి, అవి కూడా సగం వరకే. చెంచాల చప్పుడు, ఎవరిదో నవ్వు, వేయించిన చేప వాసన వస్తున్నాయి. బరువు మీటరు రెండువేల నాలుగువందలు చూపిస్తోంది. అంతా సవ్యమే.

ఇరవై నిమిషాలకి వాకీటాకీ గరగరమంది. మా అమ్మాయి, గొంతు తగ్గించి.

"నాన్నా... బావగారి పళ్ళెంలో ఎవరైనా ఏమైనా వేశారా?"

"నువ్వే కదమ్మా వడ్డించేది. నన్నడుగుతావేం?"

"నేను వెయ్యలేదు. ఖాళీ పళ్ళెమే పెట్టాను. ఇప్పుడు... దాన్నిండా ఎముకలున్నాయి. చేప ముళ్ళు."

"పక్కవాళ్ళు వేసుంటారే. చెత్త ఎక్కడ పడేయాలో తెలియక."

"పక్కాయన పళ్ళెంలో చేపే లేదంటున్నాడు నాన్నా. పెట్టాను. నా చేత్తో పెట్టాను."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకే బాగోలేదు.

గుంట అంచున రసమట్టం బిగించి ఉంటుంది. గాజు గొట్టంలో బుడగ. అది నడిమధ్యన ఉంటే బల్ల సమంగా ఉన్నట్టు. ఎర్ర గీత దాటితే కుర్చీలు వంగి, మనుషులు బెల్టుల మీద వేలాడతారు. "బుడగ ఎక్కడుంది?" అని అడిగాను.

"జరిగింది. బావగారి వైపు బల్ల కిందికి దిగుతోంది."

మీటరు చూశాను. రెండువేల నాలుగువందలు. కిలో పెరగలేదు, కిలో తగ్గలేదు. మొత్తం బరువు అంతే ఉంది, ఒక్క కుర్చీ మాత్రం బరువెక్కుతోంది. అయితే ఆ బరువు ఎక్కణ్ణించి వస్తున్నట్టు?

జవాబు వాకీటాకీలోనే వచ్చింది. వెనక నుంచి ఒక పెద్దావిడ గొంతు వినబడింది. "అమ్మాయ్, నా బెల్టు వదులైందమ్మా." ఆ వెంటనే ఇంకెవరో. "నాది కూడా." ఆ తర్వాత కొత్తగా పెళ్ళయిన కుర్రాడు, ఎగతాళిగా మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. "ఏవండీ, మీ తిండి తింటే బరువు పెరగాలి గానీ ఇదేంటి, నాకు కుర్చీలో నేను ఉన్నట్టే..."

గొళ్ళెం నా కేబిన్ మెట్ల మీదే నిలబడి వింటున్నాడు. వాడి ముఖం సున్నం కొట్టినట్టయింది.

"మామా, నా చేత్తో బిగించాను. ఊపిరాడట్లేదని తిట్టారు కూడా."

"తెలుసురా. దించేస్తున్నా."

లివరు వెనక్కి లాగాను.

ఏమీ కాలేదు.

ఇంజను తిరుగుతోంది. తాడు చుట్టుకునే డ్రమ్ము మాత్రం కదల్లేదు. ఆపి, మళ్ళీ లాగాను. లేదు... గొళ్ళెం కిందికి దూకి, చేత్తో కొట్టే పంపు పట్టుకున్నాడు. ఏదీ పనిచెయ్యనప్పుడు బల్లని దించేది అదే. వాడు చొక్కా తడిసిపోయేలా కొట్టాడు. తాడు వేలెడు కూడా జారలేదు.

అప్పుడు గాలి వీచి మంచు ఒక్క క్షణం చీలింది. నేను తలెత్తాను. కేబిన్లోంచి చూస్తే బల్ల అడుగు, దాని చుట్టూ వేలాడే కాళ్ళు కనబడతాయి. నలభై రెండేళ్ళ అలవాటు, లెక్కపెట్టకుండా ఉండలేను. పదకొండు జతలు ఉండాలి. బస్తాకి కాళ్ళుండవు కదా.

పన్నెండు ఉన్నాయి.

పన్నెండో జతకి చెప్పుల్లేవు. సన్నటి కాళ్ళు. ఎముకకి చర్మం అంటుకుపోయిన కాళ్ళు. మిగతావన్నీ భయంతో బిగుసుకుపోయి ఉన్నాయి. అవి మాత్రం ఊగుతున్నాయి. ఇష్టమైనది తినేటప్పుడు చిన్నపిల్లలు ఊపుతారే, అలా.

మంచు మూసుకుంది.

గొళ్ళెం జేబులో ఫోను మోగింది. ఇందాక చేసిన నంబరే తిరిగి చేస్తోంది. వాడు స్పీకరు పెట్టి నా దగ్గరికి తెచ్చాడు. ఎవరో ఆడమనిషి, అలసిపోయిన గొంతు.

"మా మామగారి ఫోనుకి చేశారటండీ. ఆయన పోయి మూడు నెలలైంది. గొంతులో జబ్బు. ఆఖర్న మంచినీళ్ళు కూడా దిగలేదు. ఆకలి, ఆకలి అంటూనే పోయారు. మీ బల్ల గురించి ఎప్పుడూ చెప్పేవారు, నయమయ్యాక వెళ్తానని... హలో? ఉన్నారా అండీ?"

గొళ్ళెం ఫోను ఆపేశాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

వాకీటాకీ. మా అమ్మాయి ఇప్పుడు గుసగుసగా మాట్లాడుతోంది, పక్కన ఎవరో వింటున్నట్టు.

"నాన్నా. కుండలన్నీ ఖాళీ అయిపోయాయి. రొట్టెలు లేవు. ఏమీ లేదు..."

"బుడగ?"

"ఎర్ర గీత దగ్గరికొచ్చింది. కొత్త పెళ్ళికూతురు భుజం బెల్టులోంచి జారిపోయింది. నేను చేత్తో పట్టుకున్నాను. నాన్నా, ఈ పిల్లకి బరువే లేదు. దిండులా ఉంది." బెల్టు లాగి బిగించుకుంటున్న చప్పుడు వినిపించింది. "నా నడుం బెల్టు కూడా వదులవుతోంది."

ఓడల ఇంజన్లు ఎత్తినవాణ్ణి. నా కూతురి బరువు కరిగిపోతుంటే కింద కూర్చుని మీటరు చూస్తున్నాను. రెండువేల నాలుగువందలు. నిక్కచ్చిగా.

చాలు అనేదాకా దించనన్నాను. నా మాట నిలబెడుతున్నాడు.

మైకు పట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి ఏం మాట్లాడాలో తోచలేదు.

"అయ్యా" అన్నాను. బావగారూ అనలేదు. "అయ్యా, నేను వాగాను. పెద్దమనసుతో క్షమించండి. పైన ఇంకేమీ లేదు. వాళ్ళు మీకు పరాయివాళ్ళు, వాళ్ళని వదిలెయ్యండి. మాట ఇచ్చింది నేను. మా ఇంటికి రండి. నా ఎదురుగా కూర్చోండి. నా కంచంలో తినండి. మీకు తృప్తయ్యేదాకా... ఎన్నాళ్ళయినా."

మైకు పక్కన పెట్టేశాను.

తర్వాత వాకీటాకీలో ఒక చిన్న చప్పుడు. పళ్ళెం మీద చెంచా బోర్లించి పెట్టినట్టు.

డ్రమ్ము తిరిగింది. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. లివరు దానంతటదే వెనక్కి వచ్చింది. బల్ల దూదిపింజలా దిగి, కంకర మీద చప్పుడు లేకుండా వాలింది. నా సర్వీసులో అంత మెత్తగా ఏనాడూ దించలేదు. మీరు నమ్మాల్సింది ఇదే. మిగతా గొప్పలన్నీ నావి. అది మాత్రం నాది కాదు.

అతిథులు ఒక్కొక్కరే దిగి నడిచి వెళ్ళిపోయారు. పదకొండుమంది కంకర మీద నడుస్తుంటే అడుగుల చప్పుడు రాలేదు. మా అమ్మాయి గుంటలోంచి దిగలేక చేతులు చాచింది. ఎత్తుకున్నాను. చిన్నప్పుడు బడి నుంచి నా భుజం మీద నిద్రపోతూ వచ్చేది, అప్పుడెంత ఉండేదో అంతే ఉంది.

గొళ్ళెం లాంతరు తెచ్చి పన్నెండో కుర్చీ చూపించాడు. బస్తా మూతి కుట్టు కుట్టినట్టే ఉంది. లోపల ఇసుక లేదు. ఖాళీ బస్తా చేతిరుమాల్లా మడతపెట్టి కుర్చీలో పెట్టి ఉంది. దాని చుట్టూ బెల్టు బిగించే ఉంది గానీ, చివరిదాకా సాగదీసి ఉంది, పెద్ద బొజ్జ చుట్టూ వేసినట్టు. మెడలో వేలాడదీసిన అట్టముక్క కనబడలేదు.

అది ఆ రాత్రి నా చొక్కా జేబులో దొరికింది.

మా అమ్మాయి రెండు నెలల్లో కోలుకుంది. అతిథులు కూడా కోలుకున్నారనే విన్నాను. నేను ఉద్యోగం మానేశాను. క్రేను ఎవరికో అప్పగించాను, వాడికి చెయ్యి తిరగదు, అది వేరే సంగతి.

అన్నమాట ప్రకారం రోజూ చీకటి పడ్డాక ఒక్కణ్ణే భోజనానికి కూర్చుంటాను, ఎదురుగా ఒక కుర్చీ వేసి. ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వను. మా ఆవిడ నాకు ముగ్గురి తిండి వడ్డిస్తుంది. కంచం ఖాళీ అవుతుంది. నేను తిన్నానో లేదో నాకే గుర్తుండదు. మనిషి చిక్కిపోయాడని ఇరుగుపొరుగు అంటున్నారు. రోజూ పది మైళ్ళు పరిగెడుతున్నానని చెబుతుంటాను. నా బెల్టుకి ఇప్పటికి ఏడు కొత్త కన్నాలు పొడిచాను. బాధ లేదు. మాట ఇచ్చింది నేను, తినేది నా కంచంలో.

నిన్న సాయంత్రం మనవరాలు తన బడి బెల్టు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"తాతా, దీనికి కన్నం పెట్టవా?"

ఎదిగే పిల్ల కదా, బిగుతైపోయి ఉంటుందనుకున్నాను. మేకు, సుత్తి తీసి, బెల్టు కొస దగ్గర మేకు ఆనించాను.

"అక్కడ కాదు తాతా" అంది. "లోపలికి."

మేకు జరిపాను.

"ఇంకా లోపలికి."