చదివేవాడి కుర్చీ

వాల్‌బర్గా పేపరు విప్పి నోరు తెరిచింది... మాట పెగల్లేదు! మళ్ళీ ప్రయత్నించింది. ఉత్త గాలి తప్ప గొంతు రాలేదు. దేవుడా, ఇలా ఎందుకు చేశావు!

న్యూయార్కులో జర్మన్లు చుట్టలు చుట్టే కార్ఖానాలో ఆమె భర్త లోరెంజ్‌ది చదివే కుర్చీ. తక్కినవాళ్ళు చుట్టలు చుడుతుంటే అతను పేపరు చదవాలి. అతని వంతు చుట్టలు వాళ్ళే తలా కాసిని చుట్టిపెడతారు. అదక్కడి రివాజు. కానీ ఆరు నెలలుగా లోరెంజ్‌కి అక్షరం కనిపించడం లేదు! ఆ సంగతి ఆలుమగలిద్దరికే తెలుసు. రోజూ తెల్లవారగానే ఆమె ఇంట్లో పొగాకు ఈనెలు తీస్తూ పేపరంతా చదివి వినిపిస్తుంది. అతను పొల్లుపోకుండా అప్పజెప్పి కార్ఖానాకి వెళ్తాడు. ఆ కుర్చీ పోతే చూపులేనివాడికి ఇంకో పని ఎవరిస్తారు? పొగాకు దుమ్ముకి దగ్గు ముంచుకొస్తున్నా, ఆపుకుంటూ ఆపుకుంటూ చదివింది పిచ్చితల్లి!

"ఏమైంది? చదవవేం?" అన్నాడు లోరెంజ్.

ఆమె అతని చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుంది. అతని మొహం పాలిపోయింది.

"నాతో రా," అన్నాడు.

కార్ఖానాలో ఆమెను పక్కనే నిలబెట్టుకుని, కుర్చీలో కూర్చుని పేపరు విప్పాడు.

"ఇవాళ ఒక్కటే వార్త. మన వీధిలో ఒకావిడ, గుడ్డి మొగుడి కోసం ఆరు నెలలు చదివి చదివి గొంతు పోగొట్టుకుంది... ఆ దగ్గు వింటూ కూడా 'ఇంకా చదువు' అన్నాడా దుర్మార్గుడు! ఆ మొగుణ్ణి నేనే. ఈ కుర్చీ మీరే తీసేసుకోండి!"

అందరి చేతులూ ఆగిపోయాయి. వాల్‌బర్గా కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఏడ్చావులే, కూర్చో!" అన్నాడు అందరిలోకీ పెద్దవాడైన ఎగ్‌బర్ట్ తాత. "ఆర్నెల్లుగా పేపరు తలకిందులుగా పట్టుకుంటున్నావు. మాకు కళ్ళు లేవా? కళ్ళున్నప్పుడు సగం వార్తలు మింగేసేవాడివి, ఇప్పుడే నయం!"

గొల్లుమన్నారంతా. నవ్వుతూనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

"అమ్మాయ్," అన్నాడు తాత మెత్తగా, "రేపట్నించి మా కోడలొచ్చి మీవాడికి చదువుతుంది. నువ్వు మళ్ళీ పొగాకు ముట్టుకున్నావో, ఊరుకోను. ఒరే లోరెంజూ, నిన్నటి వార్తలే మళ్ళీ కానీయ్. నేను కునుకు తీశాను."

లోరెంజ్ గొంతు సవరించుకున్నాడు. వాల్‌బర్గా కన్నీళ్ళు తుడుచుకుని, భర్త చేతుల్లో తలకిందులుగా ఉన్న పేపరుని మెల్లిగా తిప్పి పెట్టింది.