కాకుల కాపలా

ఉదయం షిఫ్టుకు బయల్దేరుతున్న సింహాద్రికి క్యారియర్ సర్దుతూ సూర్యకళ తనలో తాను నవ్వుకుంది.

"ఏటే, మీ పిన్నికి అవార్డంటే అంత సంబరమా?"

"సంబరమే మరి! పిల్లల్ని దయగా సూసిన పెద్దోళ్ళకి పిల్లలే ఏరి ఇత్తారట. పెంచిన పిల్ల స్టేజీ ఎక్కి నాలుగు ముక్కలు సెప్పాలట. పదిహేనేళ్ళుగా దాసుకున్నాను ఆ నాలుగు ముక్కలూ."

"నలుగుర్లో ఆవిడ పరువు తీసేత్తావా?"

"నా సదువు ఆవిడ తీసెయ్యలేదా?"

తల్లి పోయాక సూర్యకళను జాలరిపేటలో పిన్ని దేముడమ్మే పెంచింది. పదో తరగతి లెక్కల పరీక్ష రోజున, ఇసుకలో ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలకుండా కర్ర చేతికిచ్చి కూర్చోబెట్టింది. లేస్తే కాళ్ళు విరగ్గొడతానంది. గుప్పిట్లో హాల్ టికెట్టు చెమటకు ముద్దయిపోయింది. సూర్యకళ మళ్ళీ బడి మొహం చూడలేదు. పెళ్ళయ్యాక పిన్ని మొహమూ చూడలేదు.

భర్త వెళ్ళగానే ఆమె జాలరిపేట బస్సెక్కింది. సంగతి ముందే చెప్పాలి. సాయంత్రం స్టేజీ మీద కూర్చున్నంతసేపూ ఆ ముసలిదాని గుండె దడదడలాడాలి.

దేముడమ్మ ఇసుకలోనే ఉంది. చుట్టూ ఏడు వరసల చేపలు, చేతిలో కర్ర.

"ఇయ్యాల కూడా ఇదేనా? సాయంత్రం అంతా సెప్తాను పిన్నీ. పరీక్షా, కర్రా, అన్నీ."

"సెప్పు." దేముడమ్మ కాకిని అదిలించింది. "అందుకే నీ పేరిచ్చాను. నా తప్పు నానే సెప్పుకుందారంటే నోరు రాదు."

సూర్యకళ బిత్తరపోయింది. అంతలో యూనిఫాంలో ఓ పిల్ల పరిగెత్తుకొచ్చి గంపెడు చేపలు దించింది.

"మామ్మా, మా సేపలు కూడా సూడవా? ఇయ్యాల లెక్కల పరీక్ష!"

"పోవే హేమశ్రీ, బేగి పో! బస్సెల్లిపోద్ది."

పిల్ల తుర్రుమంది. దేముడమ్మ వంగి ఎనిమిదో వరస పరవసాగింది.

"వీటిలో నీయి ఏవి?" సూర్యకళ వరసల వంక చూసింది.

"నాయేటున్నాయి? యాపారం మానేసి ఆరేళ్ళయింది. ఈ బడిపిల్లల అమ్మలు సేపలమ్మడానికెల్తారు. నాను కూకోకపోతే ఆడపిల్లల్ని కూకోబెడతారు."

"మరి నన్నెందుకు కూకోబెట్టావు?"

దేముడమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఆ రోజు నాకు సేపలే అవుపించాయమ్మా. నువ్వు అవుపించలేదు."

కోపం ఉందో పోయిందో సూర్యకళకు తెలియలేదు. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు. కాకి వాలినా ఇద్దరిలో ఎవరూ తోలలేదు.

"ఒక్క ముక్క వదల్ను. అంతా సెప్తాను," అంది వెక్కుతూ.

"వదలకు."

"ఈ ఎనిమిది వరసలూ సెప్తాను."

దేముడమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. సూర్యకళ వంగి ఆమె చేతిలోంచి కర్ర తీసుకుంది.

"లే, ఎల్లి తానం సేసి మంచి సీర కట్టుకో. అందాకా నాను సూత్తాను."