సెల్లార్‌లోకి దిగండి

"ఇశ్రాయేలును చంపేశారు."

దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లద్దాల షాపు పైనున్న రహస్య ఆఫీసులో చీఫ్ రామమోహనరావు చెప్పాడు. టైమ్ పదకొండూ ఐదు. ఎదురుగా ఏజెంట్ జోస్నా. ఆమెకు పని నేర్పినవాడు ఇశ్రాయేలు.

"చనిపోయే ముందు కబురు పంపాడు. పదకొండున్నరకి ఎల్‌బీ నగర్ జంక్షన్‌లో విదేశీ ముఠా క్లోరిన్ ట్యాంకర్ వాల్వ్ తిప్పేస్తుంది. ట్యాంకర్‌ని పోలీసులు వెతుకుతున్నారు. నీ పని వేరు. క్లోరిన్ లీకైతే ఏం చేయాలో ఫోన్‌లో కొట్టి చూడు."

జోస్నా సెర్చ్ చేసింది. లింకులన్నిటికీ పైన, డబ్బాలో, పెద్దక్షరాల్లో జవాబు: సెల్లార్‌లోకి దిగి తలుపులు మూసుకోండి.

క్లోరిన్ గాలికన్నా బరువు. అది దిగేదీ కిందికే.

"కింది లింకులు ఎవ్వరు నొక్కరు సర్. పైన ఏముంటే గదే నమ్ముతరు."

"అందుకే ముఠా ఈ ప్లాన్ వేసింది. ఆ జవాబు వచ్చే వెబ్‌సైట్ ఆఫీసు రెండు వీధుల అవతలే. లోపల ఉదయలక్ష్మి ఉంది. మనకూ పనిచేస్తుంది, వాళ్లకూ పనిచేస్తుంది. అసలు ఎవరి మనిషో నాకూ తెలీదు. వెళ్లి ఆ జవాబు మార్పించు."

పదకొండూ పదిహేడు. ఏసీ మెకానిక్ యూనిఫాంలో జోస్నా ఓ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఆ వెబ్‌సైట్ ఆఫీసు బెల్ కొట్టింది. తలుపు తీసిన బట్టతల కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. ఆమె స్క్రూడ్రైవర్ అతని మెడకు తాకించి పిడి మీద బటన్ నొక్కింది. కరెంట్ షాక్‌కి వాడు గుడ్లు తేలేసి కూలిపోయాడు.

లోపల ల్యాప్‌టాప్ ముందు ఉదయలక్ష్మి. ముదురెరుపు పట్టుచీర, చెవులకు వజ్రాలు, చేతిలో పిస్తోలు.

"కర్మన్‌ఘాట్ బస్సు ఈడ ఆగుతదా?"

"ఆదివారం ఆగదు." కోడ్ సరిపోయింది. పిస్తోలు మాత్రం దిగలేదు. "వెళ్లిపో జోస్నా. వాళ్లు చెప్పింది రాశాను, అంతే. జనం ఎంత నమ్ముతారో పరీక్ష అన్నారు."

"పరీక్ష కాదు. ఇంకో పది నిమిషాల్ల ఎల్‌బీ నగర్‌ల గ్యాస్ వదులుతున్నరు. నీ జవాబు చూసి అందరు సెల్లార్లకు ఉరుకుతరు."

ఉదయలక్ష్మి మొహం పాలిపోయింది. "ఎల్‌బీ నగర్‌లోనా? మా అమ్మ ఉండేది అక్కడే!"

పిస్తోలు బల్ల మీద పెట్టేసి కీబోర్డ్ లాక్కుంది. "సెర్చ్ ఇంజన్ మా పేజీని పది నిమిషాలకోసారి చదువుతుంది. మళ్లీ ఇరవై తొమ్మిదికి. అది దాటితే ఇక చేసేదేం లేదు. మార్చాలంటే ఆ కాపలావాడి వేలిముద్ర కావాలి."

జోస్నా కాపలావాడిని చంకల కింద పట్టి బరబరా ఈడ్చుకొచ్చింది. ఉదయలక్ష్మి కొత్త జవాబు రాసి ముగించేసరికి ఇరవై ఎనిమిది. వాడి బొటనవేలు స్కానర్ మీద ఒత్తింది. ఎర్ర లైటు.

"చెమట! తుడువు, జర జల్ది!"

పట్టుచీర కొంగుతో తుడిచి మళ్లీ ఒత్తారు. పచ్చ లైటు. ఉదయలక్ష్మి సేవ్ కొట్టింది.

జోస్నా ఫోన్‌లో రిఫ్రెష్ చేసింది. సెల్లార్. మళ్లీ చేసింది. సెల్లార్. ఇంకోసారి నొక్కింది.

గాలికి ఎదురు దిశలో, ఎత్తైన చోటికి వెళ్లండి.

పదకొండున్నర.

ముప్పావుగంట తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. "వాల్వ్ తిప్పేశారు. కానీ జనం మెట్రో మెట్లెక్కారు, డాబాలెక్కారు. ఫైర్ వాళ్లొచ్చి కట్టేశారు. దగ్గు, కళ్లమంటలు తప్ప ఎవరికీ ఏం కాలేదమ్మా."

"ట్యాంకర్ డ్రైవర్ దొరికిండా సర్?"

"ఓ కాంప్లెక్స్ సెల్లార్‌లో, దగ్గలేక దగ్గుతూ దొరికాడు. బతుకుతాడులే. ఏం చేయాలో ముఠా వాళ్లు చెప్పలేదట. పొద్దున్నే సెర్చ్ చేసి పెట్టుకున్నాడట."