మెల్‌బోర్న్ బంగళా

“పెరట్లో ఒకే ఒక్క గది. దానికి బంగళా అని పేరు! ఎవరో తప్పు రాశారని నేనే మార్చేశాను,” అంది మృదుల.

ఎల్బీ నగర్ మెట్రో పక్కన, ఆస్ట్రేలియా బిల్డర్లకు ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఆమెకది మూడో రోజు. సీనియర్ మధుకర్ తల పట్టుకున్నాడు.

“ఏంది మేడమ్ మీరు! మెల్‌బోర్న్‌ల దాన్ని బంగళా అనే అంటరు. సిడ్నీల గ్రానీ ఫ్లాట్. పెర్త్ కాయితాలల్ల యాన్సిలరీ డ్వెల్లింగ్. ఊరికో పేరు.”

“అందులో ఎవరుంటారు?”

“అమ్మనో, నాయినమ్మనో. సొంతోళ్లే.”

“అంటే పెద్దవాళ్లని పెరట్లోకి తోసేస్తారన్నమాట!”

“తోసుడు కాదు. పిలిస్తే పలికేంత దూరంల ఉంచుకునుడు.”

ఆ మాట మృదులకు నచ్చింది. నెల తిరిగేసరికి మాట చెప్పిన మనిషీ నచ్చాడు.

ఒక సాయంత్రం వాన ఇద్దరినీ మెట్రో మెట్ల కింద నిలబెట్టేసింది. మధుకర్ పెళ్లి మాట ఎత్తాడు.

“నాతో పాటు మా అమ్మా వస్తుంది,” అంది మృదుల. “నాన్న పోయాక ఆవిడకు నేనే. ఈ మాట విని రెండు సంబంధాలు వెనక్కి పోయాయి.”

అతను తడబడ్డాడు. “మా అమ్మనడగాలె.”

మూడోది కూడా పోయిందనుకుంది మృదుల. వానలోనే దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కేసింది. ఆఫీసుకు సెలవు పెట్టి రెండు రోజులు అతని ముఖం చూడలేదు.

ఆదివారం తలుపు తీస్తే మధుకర్, పక్కన వాళ్లమ్మ యాదమ్మ. మధుకర్ బల్ల మీద ప్లాన్ పరిచాడు. వాళ్లింటి వెనక గదికి రెండు కిటికీలు, బాత్రూం. పైన ‘అమ్మాజీ గారి గది’ అని రాసి ఉంది. అమ్మాజీ మృదుల తల్లి.

“గదిల పెట్టిన మా తమ్ముని చీరల స్టాకంత వాని దుకాణానికి మార్చినం. గా గది ఖాళీనే,” అంది యాదమ్మ.

“కూతురి అత్తారింట్లో ఉంటే నలుగురూ ఏమనుకుంటారండీ?” అంది అమ్మాజీ.

“వదినా, పిల్లలు ఆఫీసుకు పోతే పగలంత నాకు మాట్లాడనీకి మనిషి లేదు. జర నాకోసం రాండ్రి.”

అమ్మాజీ కాగితం మీద ఆ గదిని వేలితో చూపించింది.

“నా పొయ్యి నాకు వేరే ఉండాలి.”

“పెట్టుకోండ్రి. కూర మాత్రం నాకింత పంపాలె.”

ఇద్దరూ నవ్వేశారు. అమ్మాజీకి అప్పుడు గుర్తొచ్చింది.

“నన్నడిగారు సరే, మా అమ్మాయిని అడిగారా?”

మధుకర్ మృదుల వైపు చూశాడు.

“అడిగారమ్మా,” అంది మృదుల. “నేనే జవాబు చెప్పకుండా బస్సెక్కేశాను.”

“మరి ఇప్పుడేమంటావే?”

మృదుల వెళ్లి మధుకర్ పక్కన కూర్చుంది.